ఎర్రనీళ్లు, పచ్చనీళ్లు

కాలువకు ఎర్రనీళ్లు వచ్చాయంటే మా అమ్మమ్మ చిల్లగింజల డబ్బా దించేది. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. బాన లోపలి గోడకు గింజను గరగరా అరగదీసి, ఆ తర్వాతే నీళ్లు పోసేది. పొద్దుగూకాక పోసిన నీళ్లు తెల్లారేసరికి తేరుకునేవి. అడుగున మెత్తటి ఒండ్రు మిగిలేది. దాన్ని పారబొయ్యకుండా తులసికోటలో వేసేది.

సంస్కృతంలో కతకమనే ఈ గింజ సుశ్రుత సంహిత కాలానికే తెలిసినది. ఇందులో మంత్రమేం లేదు. బంకమట్టి రేణువులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని జిగురు వాటిని జతచేసి బరువెక్కించి కిందికి దింపుతుంది.

బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై, కెప్టెన్ ఓర్ చేతిమీదుగా 1855లో పూర్తయింది. అప్పట్నుంచి మా సీమ కాలువ నీళ్లకు అలవాటుపడింది. మూడు కాలువలు పారే తెనాలికి నీటితోపాటు ఒండ్రూ వచ్చేది. సముద్రం వైపు బావుల్లో ఉప్పు కాబట్టి, వేసవిలో కాలువ కట్టేసేలోగా ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. బాపట్ల తీరు వేరు. అక్కడి ఇసుకలో దొరువు తవ్వుకుంటే ఇసుకే నీటిని వడగట్టి ఇస్తుంది. అడుగున ఉప్పునీరు ఉంటుంది, పైపైన ముంచుకోవాలి. ఆ దొరువునే అక్కడి వ్యవసాయ పరిశోధకులు చిల్లుల గొట్టాలు పరిచి మెరుగుపరిచారు.

మా చెరువులో చిక్కు తేరుకున్నాకే మొదలయ్యేది. మట్టి దిగితే ఎండ లోపలికి దిగుతుంది, ఎండ దిగితే పాచి పుడుతుంది. దానికి మందు మైలుతుత్తం. మూర్, కెల్లర్‌మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1904లో ఈ పద్ధతిని ప్రకటించారు. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా చెరువులోనూ వేశారు. గోనెసంచిలో మైలుతుత్తం మూటగట్టి, తాటిదోనె వెనక కట్టి చెరువంతా తిప్పారు. నాలుగు రోజులకు రేవు మెట్లు అడుగుదాకా కనబడ్డాయి. అంత తేటనీరు మేమెన్నడూ చూడలేదు. మెట్ల పక్కన చిన్నచేపలు తెల్లపొట్టలు పైకి పెట్టుకుని తేలుతున్నాయి. అమ్మమ్మ ఖాళీ బిందెతో వెనక్కి వచ్చింది. "పాచి కూడా బతకని నీళ్లు పసిపిల్లకి ఎట్టా పోస్తానే?" అంది మా అమ్మతో.

తెనాలిలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునే రోజుల్లో తెలిసింది, అమ్మమ్మ అడిగిన ప్రశ్ననే ప్రపంచం ఒక పరీక్షగా మలుచుకుందని. నార్వేలోని నిటెల్వా నది నుంచి 1959లో ఓలావ్ స్కుల్‌బర్గ్ నెలవంక ఆకారపు ఆకుపచ్చ శైవలాన్ని వేరుచేశాడు. ఇప్పటికీ ఎన్నో ప్రయోగశాలల్లో దాని సంతతే సాక్షి. అనుమానమున్న పదార్థాన్ని కొన్ని ఫ్లాస్కుల్లో రకరకాల పాళ్లలో కలుపుతారు, కొన్నింటిలో ఏమీ కలపరు. వెలుగులో 72 గంటలు ఉంచి కణాలు లెక్కపెడతారు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 1984లో తెచ్చిన 201వ మార్గదర్శకం ఇదే. ఏమీ కలపని ఫ్లాస్కులో శైవలం కనీసం 16 రెట్లు పెరగాలి, లేకుంటే పరీక్షే చెల్లదు.

నీళ్లలో రేణువులుంటే మాత్రం సాక్ష్యం తికమకపడుతుంది. పాచి పెరగలేదంటే విషం వల్లా, మట్టి నీడ వల్లా? అది తేల్చడానికి రేణువులను విడి గాజుపాత్రలో, దీపానికీ పాచికీ మధ్యన పెడతారు. నీడ పడుతుంది, తాకిడి ఉండదు. అప్పటికీ ఎదుగుదల తగ్గితే ఆ మేరకు తప్పు నీడదే. లెక్కలోనూ చిక్కుంది. నీటి మసకను కొలిచే పరికరానికి మట్టీ పాచీ ఒకటే. రక్తకణాలు లెక్కించే గాజుపలక మీద మేం కాలువనీటి చుక్క పెట్టి చూసినప్పుడు, గళ్ల నిండా గరుకు ముక్కలే. ఓపికగా కళ్లు ఆనించి చూస్తే ఒక్కోటి పచ్చగా తేలేది. అందుకే పచ్చదనాన్ని, అంటే పత్రహరితాన్ని, ఎసిటోన్‌లో కరిగించి కొలవడం నాకు నమ్మకం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మైలుతుత్తంలోని రాగిని ఒండ్రు పట్టేసుకుంటుంది. అదే మోతాదు మైలుతుత్తం బురదనీళ్లలో మెత్తబడుతుంది, తేటనీళ్లలో చెలరేగుతుంది. ఆ ఏడు మా చెరువు అంత తేరి ఉండకపోతే చేపలు కొన్నైనా మిగిలేవేమో.

ఇప్పుడు రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల రైతులు రోజూ నీటి రంగు చూసుకుంటారు. మొన్న మా చెల్లెలి కొడుకు తెలుపు నలుపు పూసిన సెచ్చి పళ్లేన్ని తాడుతో దించి, అది కనుమరుగైన చోట ముడి పట్టుకుని "ముప్పై అయిదు సెంటీమీటర్లు పెద్దమ్మా, నీళ్లు బాగున్నాయి" అన్నాడు.

"కనబడకుండా చేసింది పాచా, మట్టా?" అన్నాను.

వాడు గాజుగ్లాసుతో నీళ్లు ముంచి గట్టుమీద నీడలో పెట్టాడు. పొద్దువాలేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. అడుగున సన్నటి ఒండ్రు పొర పేరింది. పైన నీళ్లు పచ్చగానే ఉన్నాయి.