ఇంటి పైకప్పు సౌర విద్యుత్తు

డాబా మీద సౌర ఫలకాలు అమర్చి ఇంటి అవసరాలకు కరెంటు తయారుచేసుకునే విధానం. ఫలకాల్లో పుట్టే ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది.

పనితీరు: ఒక కిలోవాట్ వ్యవస్థకు నీడ పడని చోటు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. తెలుగు రాష్ట్రాల్లో అది ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది. ఫలకాలను దక్షిణ ముఖంగా, స్థానిక అక్షాంశానికి దగ్గరి వాలులో బిగిస్తారు. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటాక, పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సామర్థ్యం సుమారు 0.3–0.4 శాతం తగ్గుతుంది. అందుకే మండుటెండలో పూర్తి సామర్థ్యం అందదు. దుమ్ము, నీడ కూడా దిగుబడిని తగ్గిస్తాయి.

ఆర్థికాంశాలు: నెట్ మీటరింగ్‌లో మిగులు యూనిట్లు గ్రిడ్‌కు చేరి, బిల్లులో సర్దుబాటవుతాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం రూ.78,000 రాయితీ ప్రకటించారు. శ్లాబుల వారీ ఛార్జీల వల్ల వాడకం ఎక్కువున్న ఇళ్లకు పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. ఫలకాలకు సాధారణంగా 25 ఏళ్ల ఉత్పత్తి హామీ ఉంటుంది. ఇన్వర్టర్‌ను మధ్యలో మార్చాల్సి రావచ్చు.

పరిమితి: బ్యాటరీ లేని గ్రిడ్ అనుసంధాన వ్యవస్థ, లైన్‌మెన్ భద్రత కోసం, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది.