పేగులో మొదలై కాలేయం దాకా

1985లో ఉగాండాలోని రకాయ్ ప్రాంతం నుంచి ఒక కొత్త జబ్బు గురించి లాన్సెట్ పత్రికకు వార్త చేరింది. తగ్గని విరేచనాలు, రోజురోజుకీ చిక్కి శల్యమయ్యే ఒళ్లు. ఊళ్లో వాళ్లు దాన్ని ‘స్లిమ్’ అనేవారు. అది ఎయిడ్సే. అంతకు ఏడాది ముందే న్యూయార్క్‌లో డొనాల్డ్ కాట్లర్ బృందం ఎయిడ్స్ రోగుల పేగులోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించింది. లోపొర దెబ్బతిని కనిపించింది. అయినా చాలాకాలం వైద్యం రక్తంలోని సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్క చుట్టూనే తిరిగింది.

1998లో కోతుల మీద చేసిన పరిశోధన అసలు సంగతి బయటపెట్టింది. ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన ఎస్‌ఐవీ సోకిన కొద్ది వారాల్లోనే పేగులోని సీడీ4 కణాలు తుడిచిపెట్టుకుపోయాయి. మనుషుల్లోనూ అంతేనని 2004లో తేలింది. 2006లో పరిశోధకులు బ్రెంచ్లీ, డూయెక్‌ల బృందం మరో అడుగు వేసింది: కాపలా పోయిన పేగు గోడ దాటి బ్యాక్టీరియా పైపొర తునకలు రక్తంలో కలుస్తున్నాయి, రోగనిరోధక వ్యవస్థను నిరంతరం రెచ్చగొడుతున్నాయి.

ఆ తునకలకు మొదట ఎదురయ్యేది కాలేయమే. దానికి చేరే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు పేగుల వైపు నుంచే వస్తుంది. అక్కడి రక్షక కణాలు ఆ తునకలతో పోరాడేకొద్దీ వాపు పెరుగుతుంది. కొవ్వు పట్టిన కాలేయానికి అది ఇంకా చేటు, క్రమంగా మచ్చలు కట్టే ప్రమాదం ఉంది.

కాలేయానికి కొవ్వు పట్టడంలో హెచ్‌ఐవీ మందుల పాత్ర కూడా ఉంది. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా రోజుకు డాలరు లోపు ధరకే మూడు మందుల చికిత్స ఇస్తామని ప్రకటించింది. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత చికిత్స మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఆ ఉచిత చికిత్సలో వాడిన స్టావుడిన్ అనే మందు ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ చాలామందికి బుగ్గలు లోతుకుపోయాయి, చేతుల మీద నరాలు తేలాయి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీసి, కాలేయంలో కొవ్వు పేరుకునేలా కూడా చేసింది. దాన్ని క్రమంగా ఆపేయమని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

స్టావుడిన్ పోయినా సమస్య పోలేదు. 2017లో పలు అధ్యయనాలను కలిపి చూస్తే, కాలేయ వైరస్‌లేవీ లేని హెచ్‌ఐవీ బాధితుల్లో దాదాపు మూడింట ఒక వంతు మందికి కొవ్వు కాలేయం కనిపించింది. పేగు బ్యాక్టీరియా ఒక్కటే కారణమనడానికి లేదు. పొట్ట, షుగరు కూడా తోడవుతాయి.

కొవ్వు కాలేయం చాలాకాలం నొప్పి తెలియనివ్వదు. అందుకే మందులు వాడుతూ ఏళ్లు గడిచినవాళ్లు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో వైరల్ లోడ్‌తో (రక్తంలోని వైరస్ మోతాదుతో) పాటు కాలేయం గురించి కూడా అడగాలి. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు.