నియాఖార్‌లో వచ్చిన సున్నా

పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2010లో నాసోవాక్ అనే ఫ్లూ టీకా తెచ్చింది. సూది లేదు, ముక్కులోకి చిమ్మితే చాలు. అందులో ఉండేది బతికున్న వైరసే. చలికి అలవాటు చేసి దాని బలం తగ్గించారు. కాస్త చల్లగా ఉండే ముక్కులో అది పెరుగుతుంది, ఊపిరితిత్తుల వేడికి తట్టుకోలేదు.

2013లో ఈ టీకాను రెండు దేశాల్లో పరీక్షించారు. బంగ్లాదేశ్‌లో కమలాపూర్, మత్లబ్. సెనెగల్‌లో నియాఖార్ పల్లెలు. రెండు చోట్లా రెండు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలే, ఒక్కోచోట 1,700 మందికి పైగా. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి మందు. టీకాలోని రకాలకు సరిపోలిన ఫ్లూ నుంచి బంగ్లాదేశ్‌లో 57.5 శాతం రక్షణ దొరికింది. నియాఖార్‌లో మొత్తం ఫ్లూ మీద వచ్చిన లెక్క సున్నా. టీకా వేసుకున్న పిల్లలకూ వేసుకోని పిల్లలకూ ఫ్లూ ఒకేలా వచ్చింది.

భద్రత విషయంలో మాత్రం రెండు చోట్లా పేచీ లేదు. నాకైతే అనుమానం అక్కడే మొదలవుతుంది. బతికున్న వైరసు ఏ అలజడీ చేయలేదంటే అది నెమ్మదస్తురాలైనా అయ్యుండాలి, అసలు పెరగకుండానైనా ఉండాలి.

టీకా ఎందుకు పనిచేయలేదని, పావగడ తాలూకాలో మే నెల ఎండలో టీకాల డబ్బా మోసిన ఏ నర్సమ్మనడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే: “ఐసు కరిగిపోయుంటాది సార్.” తీసిపారేయాల్సిన మాట కాదు. దాదాపు అదే సమయంలో, 2013-14 సీజన్‌లో, అమెరికాలోనూ ఫ్లూమిస్ట్ అనే ముక్కు టీకా హెచ్‌1ఎన్‌1 అనే ఫ్లూ మీద పనిచేయలేదు. వెతికితే, అందులో హెచ్‌1ఎన్‌1 కోసం పెట్టిన 2009 కాలిఫోర్నియా రకం వైరసు పైపొర ప్రోటీన్‌లో ఒక మార్పు దొరికింది. దానివల్ల అది వేడికి తొందరగా చెడుతోంది. దాన్ని తీసేసి 2013 నాటి బొలీవియా రకం పెట్టారు.

కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు. 2015-16లో అమెరికా పిల్లల్లో సూది టీకా 63 శాతం కాపాడితే ముక్కు టీకా 3 శాతం దగ్గర ఆగింది. 2016 జూన్‌లో అక్కడి టీకాల సలహా కమిటీ దాన్ని వాడొద్దంది. వేడి ఒక్కటే దొంగ కాదన్నమాట.

ఇంకో అనుమానం: ఫ్లూమిస్ట్‌లో అప్పటికి మూడు రకాల వైరసుల బదులు నాలుగు పెట్టారు, ఇరుకులో ఒకటి నలిగిపోయిందేమో. కానీ నియాఖార్‌కు వెళ్లిన టీకాలో ఉన్నవి మూడే.

మిగిలిన ఆధారం మనముందే ఉంది, ఏ ఫ్లూ తిరిగిందన్నది. బంగ్లాదేశ్‌లో ఎక్కువగా హెచ్‌3ఎన్‌2. నియాఖార్‌లో హెచ్‌1ఎన్‌1 జోరు. అమెరికాలో టీకా తప్పినప్పుడూ హెచ్‌1ఎన్‌1దే రాజ్యం. సున్నా మొత్తాన్నీ దీనిమీదికి నెట్టలేం గానీ వేలు మాత్రం అటే చూపిస్తోంది.

రుజువు ఎలా? రక్తం తీసి యాంటీబాడీలు చూడటం మామూలు పద్ధతి. సూది టీకాకది సరిపోతుంది. ముక్కు టీకా పని చాలావరకు ముక్కు లోపలి పొరలోనే జరుగుతుంది, రక్తంలో జాడ తక్కువ. అందుకే గాంబియాలో పరిశోధకులు ముక్కునే అడిగారు. పిల్లల ముక్కులో ఒక్కో రంధ్రానికి పావు మిల్లీలీటరు నాసోవాక్ చిమ్మి, రెండో రోజు దూదిపుల్లతో తుడిచి, టీకా వైరసు ఉందా అని చూశారు. 2017లో, కాలిఫోర్నియా రకం ఉన్న టీకాతో, హెచ్‌1ఎన్‌1 కనబడింది 14 శాతం పిల్లల ముక్కుల్లోనే. 2018లో టీకాలో 2015 నాటి న్యూయార్క్ రకం పెట్టారు. ఈసారి 63 శాతం. రక్తంలో యాంటీబాడీలు పెరిగిన పిల్లలూ 5 శాతం నుంచి 19 శాతానికి చేరారు.

సీసాలో బతికే ఉన్న వైరసు పిల్లల ముక్కులో కాలూనలేకపోయింది. పెరగని వైరసును చూసి శరీరం ఏం నేర్చుకుంటుంది? ఫ్లూమిస్ట్ చేసే కంపెనీకీ ఇదే తేలింది. కాలిఫోర్నియా, బొలీవియా రకాలు రెండూ మనిషి ముక్కు కణాల్లో సరిగ్గా పెరగలేదు. బొలీవియా స్థానంలో 2015 నాటి స్లొవేనియా రకం వచ్చింది. 2018 ఫిబ్రవరిలో కమిటీ ముక్కు టీకాకు మళ్లీ దారి ఇచ్చింది. ఆ ఓటు వేసింది ముక్కులో వైరసు పెరిగిన లెక్కలు, యాంటీబాడీల లెక్కలు చూసే. కొత్త రకంతో పిల్లల్లో ఫ్లూ ఎంత తగ్గిందన్న లెక్క అప్పటికింకా ఎవరి చేతిలోనూ లేదు.