రేస్ కార్డు చదవడం తెలిస్తేనే లెక్క తేలేది

హైదరాబాద్ మలక్‌పేటలోని రేస్‌కోర్సులో వర్షాకాల, శీతాకాల సీజన్లలో గుర్రప్పందేలు జరుగుతాయి. ప్రతి రేసు వివరాలతో కూడిన కార్డును ముందుగానే విడుదల చేస్తారు. అయితే అది ఆంగ్లంలో, పొడి అక్షరాలతో, అంకెలతో నిండి ఉండటంతో సామాన్యునికి కొరుకుడు పడదు. ఈ కారణంగానే చాలామంది ‘టిప్పు’లను నమ్ముకొని జేబులు ఖాళీ చేసుకుంటున్నారు. రేసుకు వెళ్లేవారు తెలుసుకోవలసిన ప్రాథమిక వివరాలివి.

కార్డులో ఏముంటుంది?

రేసు సమయం, దూరం, తరగతి మొదట ఉంటాయి. దూరాన్ని మీటర్లలో సూచిస్తారు. 1,200 మీటర్ల రేసులో వేగానిది పైచేయి కాగా, 2,400 మీటర్ల రేసులో దమ్ము ప్రధానం. అనంతరం గుర్రం పేరు, వయసు, తల్లిదండ్రులు, శిక్షకుడు, జాకీ, మోయవలసిన బరువు, రేటింగ్ ఉంటాయి. ‘డ్రా’ అంటే గుర్రం ఏ గేటు నుంచి బయలుదేరుతుందో తెలిపే అంకె. ఇటీవలి రేసుల్లో గుర్రం ఏయే స్థానాల్లో నిలిచిందో అంకెల వరుసలో చూపుతారు. ఈ వరుసను మాత్రమే చూసి పందెం కాయడం పొరపాటు. ఆ స్థానాలు ఏ దూరంలో, ఏ తరగతిలో, ఎంత బరువుతో వచ్చాయో పోల్చి చూడాలి.

బరువు వెనుక లెక్క

హ్యాండిక్యాప్ రేసుల్లో అన్ని గుర్రాలకూ సమాన అవకాశం కల్పించేందుకు బరువులు నిర్ణయిస్తారు. మంచి రేటింగ్ ఉన్న గుర్రం ఎక్కువ బరువు మోయాలి. రేటింగులో ఒక పాయింటు తేడాకు అర కిలో బరువు తేడా ఉంటుంది. జాకీ బరువు తక్కువైతే సీసపు పలకలతో భర్తీ చేస్తారు. శిక్షణ దశలో ఉన్న జాకీలకు బరువులో రాయితీ లభిస్తుంది. గెలిచిన గుర్రానికి రేటింగ్ పెరిగి, తదుపరి రేసులో బరువు కూడా పెరగవచ్చు. ‘పోయినసారి గెలిచింది కదా’ అన్న ధీమా అందుకే పలుమార్లు దెబ్బతీస్తుంది.

టోటు వేరు, బుకీ వేరు

బుకీ వద్ద కాసిన పందేనికి అప్పటి ధరే వర్తిస్తుంది. టోటులో అలా కాదు. అందరి పందేలూ ఒకే నిధిలో చేరుతాయి. కోతలు పోను మిగిలిన మొత్తాన్ని గెలిచిన టికెట్లకు పంచుతారు. ఉదాహరణకు నిధి లక్ష రూపాయలు, కోతలు రూ.20 వేలు అనుకుందాం. గెలిచిన టికెట్లు రెండు వేలైతే ఒక్కో టికెట్‌కు రూ.40 వస్తుంది. అదే గుర్రంపై ఎక్కువమంది కాస్తే చెల్లింపు తగ్గిపోతుంది.

పందేల పేర్లు

విన్: మొదటి స్థానం. ప్లేస్: పాల్గొన్న గుర్రాల సంఖ్యను బట్టి నిర్ణయించిన స్థానాల్లో ఒకటి. ఫోర్‌కాస్ట్: మొదటి రెండు స్థానాలు వరుస క్రమంలో. క్వినెల్లా: అవే రెండు, ఏ క్రమంలోనైనా. తనాలా: మొదటి మూడు స్థానాలు వరుస క్రమంలో. ట్రెబుల్: మూడు రేసుల విజేతలు. జాక్‌పాట్: ఐదు రేసుల విజేతలు. చెల్లింపు ఊరించే కొద్దీ గెలుపు అవకాశం సన్నగిల్లుతుంది.

కార్డులో కనిపించని అంకె

గుర్రప్పందేలపై జీఎస్‌టీ 2023 అక్టోబరు 1 నుంచి పందెం పూర్తి విలువపై 28 శాతంగా ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతానికి పెరిగింది. ఈ భారం పందెందారుపైనే పడితే రూ.100 పందేనికి రూ.140 ఖర్చవుతుంది. రూపాయికి రూపాయి లాభమిచ్చే ధరలో గెలిస్తే చేతికి వచ్చేది రూ.200, అంటే మిగిలేది రూ.60. ఓడితే పోయేది రూ.140. పది పందేల్లో ఏడు గెలిస్తే రూ.420 లాభం, మూడు ఓడితే రూ.420 నష్టం. అంటే పదింటికి ఏడు గెలిచినా దక్కేది సున్నా! పన్ను లేకుంటే ఐదు గెలిస్తే సరిపోయేది. ఇది కాక గెలుపు సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను కూడా ఉంది.

చట్టం ఏమంటోంది?

గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. 1974 నాటి గేమింగ్ చట్టం కూడా వీటికి మినహాయింపునిచ్చింది. అయితే ఆ మినహాయింపు ప్రభుత్వ అనుమతి ఉన్న ఆవరణలో కాసే పందేలకే పరిమితం. వీధుల్లో, ఫోన్లలో రహస్యంగా పందేలు కట్టించుకునే వారికి అది వర్తించదు. అటువంటి చోట సొమ్ము చిక్కుకుంటే వసూలుకు దారి ఉండదు.

కార్డు చదవడం నేర్చినంత మాత్రాన గెలుపు ఖాయం కాదు. అయితే ఏ పందెం కాయకూడదో తెలుస్తుంది. డబ్బులు తీసుకొని ‘ఖాయం’ అని చెప్పే టిప్పును ముందుగా కార్డుతో, ఆపై పన్ను లెక్కతో సరిచూసుకోవడం శ్రేయస్కరం. అప్పు తెచ్చిన సొమ్మునూ, ఇంటి ఖర్చుల సొమ్మునూ రేసుకు దూరంగా ఉంచాలి.