జారుకోవడం
ఎవరి కంటా పడకుండా మెల్లగా తప్పుకుపోవడమే జారుకోవడం. దీని మూలం ‘జారు’. ఇది కన్నడంలోనూ ఉన్న దేశ్యపదం. ఈ మూలంలో దొంగచాటు ఏమీ లేదు. కొంగు జారుతుంది, తడిగచ్చు మీద కాలు జారుతుంది, అట్లపిండి జారుగా కలుపుతారు. నోరు జారడం, చేజారడం, దిగజారడం కూడా ఎవరూ కోరి చేసేవి కావు. గుట్టంతా ‘జారుకొను’లోని ‘కొను’లో ఉంది. ‘తీసుకొను’ అనే అర్థమున్న ఈ క్రియ చేరితే, చాలా చోట్ల, పని తనకోసం ఎరిగి చేసినదవుతుంది. చందాల పుస్తకం బయటికి రాగానే వెనక వరసలోంచి లేచి చెప్పులు వెతుక్కునేవాడు జారడు, చల్లగా జారుకుంటాడు. దగ్గరి మాటలతో పోల్చి చూస్తే, పొంచడంలో కదలిక లేదు. నక్కడంలో దాగడమే ప్రధానం. హిందీ నుంచి వచ్చిన ‘ఉడాయించడం’లో వేగమే తప్ప మెల్లదనం లేదు. విటుణ్ని చెప్పే సంస్కృత ‘జారుడు’ వేరే మాట. వార్తల్లో తరచూ కనిపించే ‘కోమాలోకి జారుకున్నారు’ అనే ప్రయోగం మాత్రం రోగికి అన్యాయం చేస్తోంది. నిద్రలోకి జారుకోవడం ఒప్పే, నిద్రను మనిషి కోరుకుంటాడు. స్పృహ తప్పినవారు ఎవరి నుంచీ తప్పించుకుపోవడం లేదు. అక్కడ ‘కోమాలోకి వెళ్లారు’ అంటే చాలు.