మూత్రపిండ మార్పిడి: విజయమునకు కొలబద్ద

మన శరీరములో వెన్నెముకకు ఇరువైపుల, పిడికిలియంత పరిమాణముతో, చిక్కుడు గింజ ఆకారములో రెండు మూత్రపిండములు ఉన్నవి. రక్తమును వడగట్టి మలినములను వెలికి పంపుట వాని ముఖ్యమైన పని. నీటిని, లవణములను సమపాళ్లలో నిలుపుట, రక్తపుపోటును అదుపులో నుంచుట, ఎముకలకు పుష్టి నిచ్చుట, ఎఱ్ఱకణములు పుట్టుటకు ప్రేరణ నిచ్చుట కూడ వాని పనులే. ఒకటి చెడినను రెండవది భారము వహింపగలదు. రెండును చెడినప్పుడు గతి యేమి? ఒకరి మూత్రపిండమును మరియొకరికి అమర్చవచ్చునా?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాడు దొరికినది కాదు. అంతేకాదు, ఆ చరిత్రలో ‘విజయము’ అను మాటకు అర్థమే పలుమారులు మారినది. మొదట గంటలు లెక్కించిరి; పిదప దినములు; ఆపైన సంవత్సరములు. పిల్లల విషయములో సంవత్సరములు కూడ చాలలేదు. మారుచు వచ్చిన ఈ కొలతల వెంట నడచినచో ఈ విద్య ఎట్లు ఎదిగినదో మనకు తేటపడును.

తొలి అడ్డంకి రక్తనాళములను కుట్టుట. 1902లో వియన్నాలో ఎమెరిఖ్ ఉల్మాన్ అను వైద్యుడు ఒక కుక్క మూత్రపిండమును తీసి దాని మెడలోని రక్తనాళములకు అతికింపగా, అది మూత్రమును స్రవించెను. అదే యేట ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో అలెక్సీ కారెల్, తెగిన రక్తనాళపు అంచులను మూడు కుట్లతో త్రికోణముగా సాగదీసి, రక్తము కారకుండ కలుపు పద్ధతిని ప్రకటించెను. 1912లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. చేతి నేర్పు సిద్ధించినది. కాని వింత యొకటి మిగిలినది. ఒక జంతువు మూత్రపిండమును దానికే తిరిగి అమర్చినచో అది పనిచేయుచుండెను. వేరొక జంతువుది అమర్చినచో కొద్ది దినములకే చెడిపోవుచుండెను. కుట్టులో లోపము లేదు. మరి కారణమేమి?

మానవునిలో మానవుని మూత్రపిండమును అమర్చు తొలి యత్నము 1933లో ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్ పట్టణమున జరిగినది. పాదరస విషము వలన మూత్రపిండములు చెడిన ఒక యువతికి, యూరీ వొరొనొయ్ అను శస్త్రవైద్యుడు మృతుని మూత్రపిండమును తొడభాగమున అమర్చెను. దాత మరణించి అప్పటికే కొన్ని గంటలు గడచినవి. ఇరువురి రక్తవర్గములును వేరు. ఆమె రెండు దినములు మాత్రమే జీవించెను.

కారణమును వెదకుటకు దారి యుద్ధకాలమున దొరికినది. ఒడలు కాలినవారికి చర్మము అతికించు సమస్యను ఇంగ్లండులో పీటర్ మెడావర్ పరిశీలించుచుండెను. 1943లో ఆయన, గ్లాస్గోలోని థామస్ గిబ్సన్‌తో కలిసి, ఒక ముఖ్య విషయమును గమనించెను. ఒకే దాత చర్మమును రెండవసారి అతికించినప్పుడు అది మొదటిసారికంటె త్వరగా రాలిపోవుచున్నది. అనగా శరీరము పరుని గుర్తించుటయే కాదు, జ్ఞాపకము కూడ ఉంచుకొనుచున్నది. రోగక్రిములను ఎదిరించు రక్షణశక్తియే పరుని అవయవమును కూడ శత్రువుగా ఎంచి తిరస్కరించుచున్నదని తేలినది. ఇంచుమించు ఆ కాలముననే, శత్రువుల ఆక్రమణలో నున్న హాలెండులో విలెం కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టములతో కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. దాని సాయమున ప్రాణము దక్కిన తొలి రోగి 1945లో కోలుకొనెను. నేడు మనము డయాలిసిస్ అనునది దాని సంతతియే. అది మార్పిడికి కావలసిన వ్యవధిని వైద్యులకు ప్రసాదించినది.

1952 డిసెంబరులో, క్రిస్మస్ నాళ్లలో, పారిస్ నగరములోని నెకెర్ వైద్యశాలకు పదునారేండ్ల బాలు డొకడు వచ్చెను. ఎత్తునుండి పడి మూత్రపిండము చితికినందున దానిని తొలగించియుండిరి. పుట్టుకతో అతనికి ఉన్నది ఆ ఒక్కటియే యని తరువాత గాని తెలియలేదు. తల్లి తన మూత్రపిండమును ఇచ్చుటకు ముందునకు వచ్చినది. జాన్ హాంబుర్జే బృందమువారు ఆమె కోరికను మన్నించిరి. మూడు వారములు ఆ మూత్రపిండము చక్కగా పనిచేసెను, పిదప ఆగిపోయెను. బాలుడు దక్కలేదు. తల్లి కూడ బిడ్డ శరీరమునకు సగము పరాయిదే యను కఠినసత్యము వైద్యలోకమునకు ఈ రీతిగా తెలియవచ్చినది.

ఆ తిరస్కారమే లేనిచోట ఏమగును? 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరమున, పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ వైద్యశాలలో జోసెఫ్ మరే బృందమువారు రోనాల్డ్ హెరిక్ అను యువకుని మూత్రపిండమును అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చిరి. వారు ఒకే పిండమునుండి జన్మించిన కవలలు. ఒకరి చర్మపుముక్కను మరియొకరికి అతికించి, అది నిలిచినదని చూచిన పిమ్మటనే వైద్యులు సాహసించిరి. రిచర్డ్ వివాహమాడి, బిడ్డలను కని, ఎనిమిదేండ్లు జీవించెను. దాత రోనాల్డ్ ఒక్క మూత్రపిండముతోనే 2010 వరకు బ్రతికెను. విజయమునకు కొలత ఇప్పుడు సంవత్సరములైనది.

ఈ విజయమే ఒక ధర్మసందేహమును తెచ్చిపెట్టినది. ఏ జబ్బును లేనివానిని శస్త్రచికిత్సకు గురిచేయుట న్యాయమా? అతడు బాలుడైనచో? 1957లో మసాచుసెట్స్ న్యాయస్థానము ముందునకు మైనరు కవలల వ్యవహారములు వచ్చినవి. వారిలో పదునాలుగేండ్లవారు కూడ ఉండిరి. సోదరుడు మరణించినచో బ్రతికియున్న వానికి మనసున తీరని గాయమగుననియు, కావున దానము దాతకు కూడ మేలేననియు న్యాయస్థానము అనుమతించెను. పిల్లల నుండి అవయవము కోరుట ఎంత దూరము తగునను తర్కము నాటినుండియు సాగుచున్నది.

కాని కవలలు లేనివారు అసంఖ్యాకులు. వారికొరకు రక్షణశక్తిని అణచు మార్గము వెదకవలసి వచ్చినది. 1959లో రోగి దేహమునంతటిని కిరణములకు గురిచేసి చూచిరి. కొందరు దక్కిరి, పెక్కుమంది అంటుజబ్బులకు బలియైరి. ఇంతలో జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్‌ల పరిశోధనశాలనుండి వెలువడిన ప్యూరిన్ జాతి ఔషధములు దారి చూపినవి. ఇచ్చట తెలుగువారికి ఒక ముచ్చట కలదు. హిచింగ్స్ యౌవనమున హార్వర్డులో ప్యూరినులను అభ్యసించినది సైరస్ ఫిస్కే శాలలో. భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆనాడు అచ్చటనే పనిచేయుచుండిరి. ఆ జాతికి చెందిన అజథయోప్రిన్‌ను రాయ్ కాన్ కుక్కలలో పరీక్షించెను. దాని అండతో 1962లో బోస్టన్‌లో, దాతతో బంధుత్వము లేని రోగికి మృతుని మూత్రపిండము అమర్చగా అది ఏడాదికి మించి పనిచేసెను. 1963లో డెన్వర్ నగరమున థామస్ స్టార్‌జల్ దీనికి స్టిరాయిడ్ మందును జోడింపగా, అంతవరకు అరుదైన ఫలితము సాధారణమగుట ఆరంభించెను. జాన్ దోసే గుర్తించిన కణజాతులను బట్టి దాతను, గ్రహీతను జోడించుటయు, ముందుగా రక్తమును సరిచూచుటయు అలవాటైనవి. నార్వే మట్టిలోని బూజునుండి లభించిన సైక్లోస్పోరిన్‌ను కాన్ 1978లో రోగులకు వాడెను. జపానులోని సుకుబా మట్టినుండి 1984లో టాక్రోలిమస్ దొరికెను. వీనితో మొదటి యేడాది గండము చాలవరకు గడచినది. 1990లో మరే నోబెల్ బహుమానము నందుకొనెను.

ఇక పిల్లల మాట. పెద్దలలో మూత్రపిండములు చెడుటకు మధుమేహము, రక్తపుపోటు ముఖ్యకారణములు. పసివారిలో పుట్టుకతో వచ్చిన నిర్మాణలోపములే తరచు కారణములు. పసివాని కడుపులో పెద్దవారి మూత్రపిండమును అమర్చుటకు బృహద్ధమనికే కుట్టు వేయవలసివచ్చును. బిడ్డ రక్తములో గణనీయమైన పాలు ఆ ఒక్క అవయవమునకే చాలవలెను. ప్రవాహము తగ్గినచో రక్తము గడ్డకట్టును. ఈ కష్టములను అధిగమించిన పిదప మరియొక చిక్కు ఎదురైనది. ప్రాణము నిలిపిన స్టిరాయిడ్లే బిడ్డ ఎదుగుదలను అరికట్టినవి, ముఖము ఉబ్బినది, ఎముకలు బలహీనమైనవి. బిడ్డ బ్రతికెను గాని పెరుగలేదు. అప్పుడు వైద్యులు విజయమును అంగుళములతో కొలువవలసివచ్చినది. మందును దినము విడిచి దినము ఇచ్చి చూచిరి, మోతాదు తగ్గించిరి, క్రొత్త మందులు వచ్చిన పిదప కొందరిలో స్టిరాయిడ్లను పూర్తిగా మాన్పించిరి. ఎదుగుదలకు తోడ్పడు హార్మోనును మార్పిడికి ముందే ఇచ్చుట నేర్చిరి. చిన్ననాడే మార్పిడి జరిగినచో ఎదుగుదల పుంజుకొనుననియు, దీర్ఘకాలము డయాలిసిస్‌తో నెట్టుకొనుటకంటె అదియే మేలనియు నేడు నిశ్చితమైనది.

ఒకప్పుడు అతి క్లిష్టమనుకొన్న పసివారిలోనే నేడు మూత్రపిండము చిరకాలము నిలుచుచున్నది; నష్టము ఎక్కువగా కౌమారమునను, నవయౌవనమునను కలుగుచున్నది. పసివానికి మందు మ్రింగించునది తల్లి. పదునేడేండ్లవాడు ఆ బాధ్యతను తానే వహింపవలెను. పిల్లల వైద్యుని విడిచి పెద్దల వైద్యుని చేరవలెను. ఆరోగ్యముగా నున్నట్లు తోచుటచే మాత్రలు మరచును. ముప్పు అంతట లేదు: పెద్దలలో గుండెజబ్బులు, అంటువ్యాధులు, కొన్ని రకముల క్యాన్సరులు రోగిని వెంటాడుచుండును. ఏ మూత్రపిండమును శాశ్వతము కాదు. పదేండ్లప్పుడు దానిని పొందిన బిడ్డకు జీవితములో రెండవది, కొందరికి మూడవది కూడ కావలసివచ్చును.

మన దేశములో జీవించియున్న దాత మూత్రపిండముతో తొలి సఫల మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగినది. తరువాత పేదల మూత్రపిండములతో బేరసారములు సాగుటచే 1994లో చట్టము వచ్చినది. అది అమ్మకమును నేరముగా నిర్ణయించి, మెదడు మరణించినవారి నుండి అవయవములు స్వీకరించుటకు అనుమతినిచ్చెను. జీవించియుండగా ఇచ్చువారు సాధారణముగా పదునెనిమిదేండ్లు నిండినవారై యుండవలెను. మృతుల అవయవములను పంచుటకు 2013నుండి నాటి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ పథకము నడచినది; నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఆ పేరుతోనే సాగుచున్నది. అయినను మన దేశములో పెక్కు మూత్రపిండములు జీవించియున్న బంధువులనుండియే వచ్చుచున్నవి. ఇచ్చువారిలో తల్లులు, భార్యలు ఎక్కువ; పొందువారిలో పురుషులు ఎక్కువ.

కనుక నేడు కొలబద్ద మరియొకమారు మారవలసియున్నది. పొందినవారు ఎన్నేండ్లు జీవించిరని మాత్రమే గాక, బిడ్డ ఎదిగి, చదివి, తన మందు తానే వేసుకొను పెద్దవాడైనాడా యని అడుగవలెను. ఇచ్చిన తల్లి ఏడాదికొకమారైనను పరీక్షకు వచ్చుచున్నదా, ఆమె రక్తపుపోటును ఎవరైనను చూచుచున్నారా యని కూడ అడుగవలెను. ఆమె ఇల్లు చేరిన నాటితో వైద్యశాల పని ముగిసినట్లు కాదు.