విప్పేవి, తెంచేవి, మీరేవి: ఉద్దానం నేపథ్యంలో ‘కట్టు’ అర్థచ్ఛాయల పరిశీలన

సారాంశం

తెలుగులో ‘కట్టు’ క్రియ బిగించడానికీ, ధరించడానికీ, నిర్మించడానికీ, చెల్లించడానికీ, అడ్డుకోవడానికీ పనికొస్తుంది. నిఘంటువులు ఈ అర్థాలను వరుసగా పేర్చి వదిలేస్తాయి. ఏ కట్టుకు ఏ క్రియ విరుగుడుగా వస్తుందో చూస్తే ఆ అర్థాల మధ్య గీతలు స్పష్టపడతాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరపు తెప్పలు, పలాస జీడి వ్యాపారం, మందస జమీందారీ చరిత్ర, ఒక ఉత్తరాంధ్ర కథ ఇందుకు ఆధారాలు.

1. పూర్వరంగం

బ్రౌన్ నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) ‘కట్టు’కు చాలా అర్థాలే ఇచ్చాయి. భద్రిరాజు కృష్ణమూర్తి చొరవతో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం సంపుటాలు (వ్యవసాయం 1962, చేనేత 1971) మాటను పనితో కలిపి చూడాలని నేర్పాయి. ఈ వ్యాసం ఆ దారినే నడుస్తుంది.

ఈ ధాతువు తమిళ, మలయాళ, కన్నడాల్లోనూ ఉంది. ఫీజు, పన్ను విషయంలో తమిళులూ కన్నడిగులూ కూడా ‘కట్టు’ అనే అంటారు. కాబట్టి ‘చెల్లించు’ అన్న అర్థం ఏ ఒక్క జమీందారీ కచేరీలోనో పుట్టింది కాదు. మరోవైపు ఇచ్ఛాపురం, మందస ప్రాంతాల్లో తెలుగుతో కలిసి బతుకుతున్న ఒడియాలో ‘బాంధిబా’ అంటే కట్టడం, ‘బంధ’ అంటే నీటిని ఆపే కట్ట, ‘బంధక’ అంటే తాకట్టు. రెండు వేర్వేరు భాషాకుటుంబాల ధాతువులు తాడు నుంచి చెరువుగట్టుకూ, అక్కడి నుంచి అప్పుకూ ఒకే తీరున విస్తరించాయి. తాడుతో చేసే పనిని మనుషుల మధ్య లావాదేవీలకు వాడుకోవడం తెలుగుకు మాత్రమే చెందిన విశేషం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

2. తెప్ప కట్టడం, పడవ కుట్టడం

వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తీరాల్లో రేవు లేని ఇసుకమీదికే పడవలు రావాలి. ఇలాంటి ఒడ్డుకోసం తెలుగు, ఒడిశా తీరాల మత్స్యకారులు రెండు పద్ధతులు వాడారు. తేలికపాటి కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి, తాడుతో బిగిస్తే తెప్ప. వేట నుంచి తిరిగొచ్చాక ఆ తాడు విప్పి, నీరు పీల్చి బరువెక్కిన దుంగలను ఇసుకలో ఆరబెడతారు. మళ్ళీ వేటకు వెళ్ళేటప్పుడు కడతారు. రెండో పద్ధతిలో పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు తాడుతో కుట్టి పడవ చేస్తారు. మేకులు కొట్టిన పడవ కెరటాల దెబ్బకు బీటలిస్తుంది. కుట్టిన పడవ కాస్త వంగి, ఆ దెబ్బను ఓర్చుకుంటుంది.

ఇక్కడ ‘కట్టు’, ‘కుట్టు’ రెండూ కలపడమే అయినా వాటి విప్పుదలలో తేడా ఉంది. కట్టు విప్పితే తాడు తాడుగానే, దుంగ దుంగగానే మిగులుతాయి. కుట్టు విప్పితే పలకలో బెజ్జం మిగులుతుంది. కట్టడమంటే కలిసినవాటి సొంత రూపం చెడకుండా కలపడం. ‘కట్టు’ మూలార్థం ఇదేనని తీసుకుంటే, మిగతా అర్థాలు దీనికి ఎంత దూరం జరిగాయో కొలవవచ్చు. నేడు ‘ఫైబర్ తెప్ప’లో కట్టే దుంగలే లేవు. పేరు మాత్రం అదే నిలిచింది.

3. విరుగుడు క్రియల పరీక్ష

ఆవును కట్టేస్తాం, మూట కడతాం, చీర కడతాం, గాయానికి కట్టు కడతాం. వీటన్నిటికీ విరుగుడు ‘విప్పు’. ఇది మొదటి వర్గం.

ఇల్లు కడతాం, చెరువుకు కట్ట కడతాం. ఇల్లు కూలుస్తాం, కట్టకు గండి కొడతాం. ఇది నిర్మాణ వర్గం. ఇక్కడ విప్పడం ఉండదు, ధ్వంసమే ఉంటుంది.

నెత్తురు గడ్డకడుతుంది, జీడిచెట్టు పిందెకడుతుంది. గడ్డ కరుగుతుంది, పిందె రాలుతుంది. ఈ మూడో వర్గంలో కట్టేవాడు లేడు, కట్టుకుంటున్నది ఆ వస్తువే. మడికి నీరు కట్టడం వీటన్నిటికీ భిన్నం. అక్కడ ఆపడానికి బదులు నీటిని దారిలో పెట్టి పారిస్తారు.

మనుషుల మధ్య కట్లకు వచ్చేసరికి ‘విప్పు’ దాదాపు కనబడదు. తాళికి మూడు ముళ్ళు వేస్తారు. ముడి ఉన్నా ‘తాళి విప్పు’ అని వాడుకలో లేదు, ‘తెంచు’ అనో ‘తీయు’ అనో అంటారు. మాటకు కట్టుబడినవాడు మాట తప్పుతాడు. ఊరి కట్టుబాటును మీరుతారు, దాటుతారు. ‘దాటు’ వచ్చిందంటే కట్టుబాటును జనం తాడుగా కన్నా గట్టుగానే ఎక్కువగా ఊహించుకున్నారన్నమాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పుతీరంలో అమలయ్యే ప్రభుత్వ ఆంక్షను మాత్రం కట్టుబాటు అనరు, అది ‘వేట నిషేధం’ మాత్రమే. ఊరు తనకు తాను పెట్టుకున్నదే ‘కట్టుబాటు’.

పన్నుకు విరుగుడు ‘ఎగ్గొట్టు’. కట్టిన పన్నును ఎవరూ విప్పలేరు. కట్టనివాడికి మాత్రం పేరు సిద్ధంగా ఉంది. తప్పు, మీరు, తెంచు, ఎగ్గొట్టు అన్న మాటలన్నీ విడిపోయినవాడి మీదనే నింద మోపుతాయి. ‘విప్పు’లో ఆ నింద లేదు. భౌతికమైన కట్టుకూ సామాజికమైన కట్టుకూ అసలు గీత ఇక్కడే ఉంది.

4. ఎవరు కడతారు, ఎవరికి?

తెలుగులో ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు సహాయక క్రియలోనో ప్రేరణ ప్రత్యయంలోనో దొరుకుతుంది. కట్టుకొను తనకోసం, కట్టించు ఇతరుల చేత, కట్టబెట్టు ఇతరులకు, కట్టుబడు తనకు తాను లోబడి. వీటిలో ‘కట్టించు’కు రెండు ముఖాలు: ఇల్లు కట్టిస్తే మేలు, శిస్తు కట్టిస్తే వసూలు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవి కలప వివాదంలో అరెస్టులను అడ్డుకున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల్లో గున్నమ్మ అనే మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. జమీందారీలతో ఇటువంటి సంఘర్షణల్లో శిస్తు వసూలు చేసేవాడు ‘ఎగ్గొట్టారు’ అంటాడు. నిలబడి ఎదిరించేవాడు ‘కట్టం’ అంటాడు. మొదటిది దొంగచాటు పని, రెండోది బహిరంగ నిర్ణయం. పక్షం మారితే ఒకే చర్యకు క్రియ మారిపోతుంది. ఎదిరించేవారు చేసే మరో పనికి కూడా మాట ఇదే ధాతువు నుంచి వచ్చింది: జట్టుకట్టడం.

5. ‘కుదరడం’ అనే తెర

ఉద్దానంలో జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. ధర కట్టడానికి వ్యాపారి ఒక్కడు చాలు, ధర కుదరడానికి మాత్రం ఇద్దరు కావాలి. ‘కుదురు’లో ఇరువురి సమ్మతి ఇమిడి ఉంది, కనీసం ఉన్నట్టు వినిపిస్తుంది.

ఈ తేడా కూలి సంబంధాల్లో బరువెక్కుతుంది. అప్పు కింద ఏళ్ళ తరబడి ఆసామి ఇంట చాకిరీ చేసే మనిషిని ఉత్తరాంధ్రలో ‘కంబారి’ అంటారు. పశువును కట్టేస్తారు. పనిమనిషి మాత్రం ‘కుదురుతాడు’, ‘ఉంటాడు’. అంత గట్టి బంధంలో కట్టు అన్న మాటే వినబడదు. ‘కట్టుబానిస’ అన్న పదం ఉన్నా అది ఖండించేవాడిదే, ఒప్పందం చేసుకునేవాడిది కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1966) బలం చాలావరకు ఈ చోటే ఉంది. ఊరి పెద్దల ముందు తీరిగ్గా, మర్యాదగా సాగే అప్పు తగవులో అందరి మాటా న్యాయంగానే వినిపిస్తుంది. తన కొడుకు కంబారి కాకూడదని తండ్రి చేసే పనితో ఆ మర్యాద కింద ఉన్న కట్టు బయటపడుతుంది.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం అప్పును చెల్లకుండా చేసింది. భాషాపరంగా చూస్తే, విడిపోయినవాడిపై నింద లేని విరుగుడు మాటకు అది అధికారిక చెల్లుబాటు ఇచ్చింది: ‘విముక్తి’. వెట్టి నుంచి బయటపడిన మనిషి ఎగ్గొట్టినవాడు కాదు, విముక్తి పొందినవాడు.

6. ముగింపు

ఈ పరిశీలన నుంచి రెండు సూచనలు తేలుతున్నాయి. నిఘంటువుల్లో ‘కట్టు’ వంటి క్రియలకు అర్థంతో పాటు విరుగుడు క్రియనూ, దానితో కలిసే సహాయక క్రియలనూ ఇవ్వాలి. అలా ఇస్తే ‘ఎగ్గొట్టు’ వంటి ఆరోపణ చెల్లించకపోవడానికి మామూలు పర్యాయపదంగా చలామణీ కాదు. రెండోది, వెట్టి, అప్పు, కౌలు సంబంధాలను అధ్యయనం చేసేవారు బంధాన్ని సూచించే మాటలను మాత్రమే వెతికితే చాలదు. కుదురు, ఉండు, పెట్టు వంటి సాధువైన క్రియలనూ పట్టి చూడాలి. ఒప్పుకోలుగా వినిపించే చోట ఒప్పుకోనివాడికి వేరే దారి ఉందో లేదో అడగాలి.